నేను తిప్పిన మోటార్లు

నాకు కరెంటంటే భయం. పెళ్ళయిన కొత్తలో అత్తవారింట్లో గీజరు స్విచ్ వేయాలంటే ప్లాస్టిక్ స్టూలెక్కి, చీర చెంగు వేలికి చుట్టుకుని, కళ్ళు మూసుకుని నొక్కేదాన్ని. అలాంటి నేను ముప్పై తొమ్మిదో ఏట ఎలక్ట్రో మెకానికల్ మెయింటెనెన్స్ కోర్సులో చేరానంటే దానికి కారణం చదువు మీద ప్రేమ కాదు, నా నోటి దూల.

జగ్గయ్యపేటలో మాది మిరపకాయల హోల్‌సేల్ కొట్టు. కొట్టు వెనక కారం, పసుపు, పిండి ఆడే మిల్లు ఉంది. కొట్టు మా ఆయన రాజేష్ చూసుకుంటారు, మిల్లు మా మావయ్య తిరుపతిరావుగారు చూసుకుంటారు. కిందటేడు మే నెలలో, జనం ఏడాదికి సరిపడా కారం కొట్టించుకునే రోజుల్లో మిల్లు మోటారు ఆగిపోయింది. మేం పిలిచే మెకానిక్ కోదాడలో ఏదో పని ఒప్పుకుని మూడు రోజులదాకా రాలేదు. ఆ మూడు రోజులూ మావయ్య మిల్లు గుమ్మంలో కుర్చీ వేసుకుని, మిరపకాయల మూటలతో వచ్చినవాళ్ళకి సమాధానం చెప్పుకుంటూ కూర్చున్నారు. మూడో రోజు భోజనాల దగ్గర ఆయన విసుక్కుంటుంటే, వడ్డిస్తున్న నేను, "దాన్లో ఏముంది మావయ్యగారూ, నేర్చుకుంటే నేనైనా చేస్తా" అన్నా. ఎందుకన్నానో నాకిప్పటికీ తెలీదు. చేతిలో గరిటె ఉన్నప్పుడు నాకు ధైర్యం కాస్త ఎక్కువ.

ఆ మాట అక్కడితో పోయేదే. కానీ మర్నాడు పేపర్లో ఒక కరపత్రం వచ్చింది. నందిగామలో ఒక కాలేజీ వాళ్ళు కమ్యూనిటీ కాలేజీ పేరుతో ఏడాది కోర్సు పెట్టారట, వయసుతో పని లేదట, ఆడవాళ్ళకి కొన్ని సీట్లు విడిగా ఉంచారట. మా ఆయన దాన్ని రేడియోలో వార్తల్లా పైకి చదివి, చేరతావా అని అడిగారు. మావయ్య నవ్వారు. అత్తయ్య ఆండాళమ్మగారు, ఎప్పుడూ నవ్వని మనిషి, ఆవిడా నవ్వింది. వాళ్ళు నవ్వకుండా ఉంటే నేను చేరేదాన్ని కాదు.

మొదటి రోజు క్లాసులోకి వెళ్ళగానే, ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి లేచి నిలబడి గుడ్‌మార్నింగ్ మేడమ్ అంది. లెక్చరర్ననుకుంది. నేను కూడా పెద్దరికంగా తలూపి, వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నా. క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. ఆ అమ్మాయి పేరు నాగశ్రీ, పెనుగంచిప్రోలు నుంచి రోజూ ఆటోలో నవాబుపేట వచ్చి, అక్కడ బస్సెక్కేది. ఆ వారమంతా నన్ను ఆంటీ అంది. మరుసటి వారం ల్యాబ్‌లో నేను స్క్రూడ్రైవర్ పట్టుకున్న తీరు చూసి జాలేసిందేమో, అక్కా అనడం మొదలుపెట్టింది.

మాకు చెప్పే వెస్లీ సార్ సిమెంటు ఫ్యాక్టరీలో పాతికేళ్ళు మెయింటెనెన్స్‌లో చేసి వచ్చినాయన. కరెంటు గురించి నీకేం తెలుసని నన్నడిగారు. నిజమే చెప్పా, భయమని. మంచిదేనమ్మా, భయం లేనివాళ్ళని చూస్తేనే నాకు భయం అన్నారాయన. ఆ మాట ఇంటికొచ్చి మెచ్చుకోలుగా చెప్పుకున్నా. మా ఆయన దాన్ని మెచ్చుకోలని ఒప్పుకోలేదు.

నేను నేర్చుకున్న తీరు గురించి గొప్పగా చెప్పడానికేం లేదు. మొదటి నెలలో ఒక మల్టీమీటరు కాల్చా. పెద్దా చిన్నా తేడా లేకుండా ప్రతి స్పానర్నీ పానా అనేదాన్ని. దసరా సెలవుల్లో సాధన చేద్దామని ఇంట్లో మిక్సీ విప్పి మళ్ళీ బిగిస్తే మూడు మరలు మిగిలాయి. మిక్సీ తిరిగింది, కానీ శబ్దానికి పక్కింటివాళ్ళు కిటికీ మూసుకున్నారు. అత్తయ్య ఆ మూడు మరలూ పోపులపెట్టెలో మెంతుల పక్కన దాచింది. రోజూ పోపు వేసేటప్పుడల్లా నాకు అవి కనబడేవి.

ఏడాదంతా చెప్పినవాటిలో నాకు అనుమానం లేకుండా అర్థమైంది ఒక్కటే. మిల్లులకి, బోర్లకి వాడే త్రీ ఫేజ్ మోటారుకి మూడు వైర్ల మీద కరెంటు వస్తుంది. అందులో ఏ రెండు వైర్లు తారుమారు చేసినా మోటారు ఎదురు తిరుగుతుంది. ల్యాబ్‌లో నేను తప్పుగా కలిపి మోటారుని ఎదురు తిప్పినప్పుడు సార్ తిట్టలేదు. అందరినీ పిలిచి చూపించి, మళ్ళీ రెండు వైర్లు మార్చమన్నారు. మార్చా. సరిగ్గా తిరిగింది. ఆ రోజు బస్సులో కూర్చుని నాలో నేనే నవ్వుకున్నా.

ఈ మార్చిలో ఒక గురువారం, మాకు క్లాసు లేని రోజు, మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ మార్చారు. కాంట్రాక్టు మనుషులు వచ్చి పొద్దున్నంతా పని చేసుకుని వెళ్ళారు. పన్నెండింటికి కరెంటు వచ్చింది. మావయ్య మిల్లు వేశారు. మోటారు తిరుగుతోంది, మిరపకాయలు లోపలికి పోతున్నాయి, కారం మాత్రం సంచిలోకి సరిగ్గా రావట్లేదు. శబ్దం కూడా వేరుగా ఉంది. మావయ్య ఫోను తీసి మెకానిక్ నంబరు వెతుకుతుంటే, నేను వెళ్ళి చక్రం వంక చూశా. అది తిరగాల్సిన వైపు ఎర్ర రంగుతో బాణం గుర్తు వేసి ఉంటుంది. చక్రం దానికి ఎదురుగా తిరుగుతోంది.

పరీక్షలో మనకు వచ్చిన ఒకే ఒక్క ప్రశ్న పడితే ఎలా ఉంటుందో అలా అనిపించింది.

"మావయ్యగారూ, మెకానిక్ వద్దు. నేను చేస్తా" అన్నా.

ఆయన నన్ను, మిల్లుని, గుమ్మంలో నిలబడ్డ జనాన్ని చూసి, సరేనమ్మా అన్నారు. నా మీద నమ్మకంతో కాదు, మెకానిక్ ఫోను ఎత్తలేదు. సార్ చెప్పినట్టు మెయిన్ స్విచ్ తీశా. ఎవరూ మళ్ళీ వేయకుండా ఫ్యూజులు మూడూ పీకి నా హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నా. టెస్టరు పెట్టి చూశా. కరెంటు లేదని తెలిశాక మళ్ళీ చూశా. ఇంకోసారి కూడా చూశా. అప్పుడు స్టార్టరు మూత తీసి రెండు వైర్లు మార్చా. పది నిమిషాల పనికి నలభై నిమిషాలు పట్టింది, ఎందుకంటే స్క్రూ రెండుసార్లు కారంలో పడింది, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నా. ఫ్యూజులు మళ్ళీ పెట్టి స్విచ్ వేసినప్పుడు ఏమీ కనబడలేదు గానీ, శబ్దం వినగానే తెలిసింది. కారం సంచిలోకి జారింది.

మావయ్య ఆపుకోలేక వీధిలోకి వెళ్ళి ఎదురుకొట్టు ఆయనతో, "మా కోడలు చేసింది" అన్నారు.

అంతే, నాకు రెక్కలొచ్చాయి. మాకు నాలుగు కొట్ల అవతల సౌభాగ్యమ్మగారి నూనె మిల్లు ఉంది. భర్త పోయాక ముప్పై ఏళ్ళుగా ఆవిడే నడుపుతోంది. వేసిన నువ్వులన్నీ మిషను పైకి కక్కుతోందని ఆవిడ మనిషిని పంపింది. వెళ్ళి అక్కడా రెండు వైర్లు మార్చా. అక్కడినుంచి వీధి మలుపులో ఉన్న ఫంక్షన్ హాలుకి వెళ్ళా. బోరు మోటారు ఆడుతోంది గానీ నీళ్ళు దారంలా వస్తున్నాయని మేనేజరు ప్రమీలారాణి అడిగితే, అక్కడా మార్చా. హాలు వంటవాడు నన్ను ఇంజనీరమ్మ అన్నాడు. నా చేతులకి మురికేం అంటకపోయినా గుడ్డముక్క అడిగి తుడుచుకున్నా. మెయింటెనెన్స్ అంటే ఏమిటో అక్కడ చేరిన నలుగురికీ కాసేపు చెప్పా కూడా. సాయంత్రం స్టార్టరు పక్కన నిలబడి ఫొటో తీసుకుని మా క్లాసు గ్రూపులో పెట్టా.

నాగశ్రీ చప్పట్ల బొమ్మ పెట్టి, దాని కింద ఒక ప్రశ్న పెట్టింది. 'అక్కా, మూడు చోట్లా ఒకే రోజు ఎందుకు తిరగబడింది?' అని. నేను నవ్వుతున్న బొమ్మ ఒకటి పంపి, ఫోను పక్కన పెట్టి, కూర తరుక్కోవడానికి వెళ్ళా.

శుక్రవారం పొద్దున మామూలుగా నందిగామ బస్సెక్కా. చిల్లకల్లు దాటాక మావయ్య ఫోను చేశారు. మళ్ళీ ఎదురు తిరుగుతోందమ్మా అన్నారు. అలా జరగడానికి వీల్లేదని ఆయనకే పాఠం చెప్పబోయా. ఈలోపు ఇంకో ఫోను వచ్చింది, సౌభాగ్యమ్మగారు. మిషను మళ్ళీ నువ్వులు కక్కుతోందని, అంతవరకే చెప్పి పెట్టేసింది. ఆ తర్వాత ప్రమీలారాణి. ఆ రోజు హాల్లో పెళ్ళి. పన్నెండింటికి భోజనాలు. కుళాయిల్లో నీళ్ళు లేవు.

నవాబుపేటలో బస్సు దిగి, హైవే దాటి, ఎదురు బస్సు కోసం నిలబడ్డా. అక్కడ నిలబడ్డప్పుడు గానీ నాకు బుర్ర వెలగలేదు. ముందురోజు తారుమారైంది మా మోటార్లలో వైర్లు కాదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైన్లే అటూ ఇటూ కలిపారు. వీధి అవతలి వైపు వాళ్ళెవరో కరెంటాఫీసుకి ఫోను చేసి చెప్పుకుంటే, పొద్దున మనుషులొచ్చి అక్కడ సరిచేసి వెళ్ళారని తర్వాత తెలిసింది. వీధిలో అందరి మోటార్లూ వాటంతటవే బాగయ్యాయి. నేను బాగుచేసినవి మూడూ తిరగబడ్డాయి.

నాగశ్రీకి ఫోను చేసి, నాకు జ్వరంగా ఉందని సార్‌కి చెప్పమన్నా. సార్ పక్కనే ఉన్నారక్కా అని ఫోను ఆయనకే ఇచ్చేసింది.

"ఏమైందమ్మా?" అన్నారు సార్.

జ్వరం సంగతి వదిలేసి జరిగిందంతా చెప్పా.

"మార్చేముందు పక్కవాళ్ళని అడిగావా, వాళ్ళకెలా తిరుగుతోందని?"

"లేదు సార్."

"ఒకే రోజు మూడు మోటార్లు తిరగబడితే తప్పు మోటార్లో ఉంటుందా, లైన్లో ఉంటుందా?"

"లైన్లో సార్."

ముందు పెళ్ళివాళ్ళ దగ్గరికి వెళ్ళమన్నారు. కంగారులో మెయిన్ తీయడం మర్చిపోవద్దన్నారు. "క్లాసుకి రేపు రా, జ్వరం తగ్గాక" అన్నారు.

ఫంక్షన్ హాలుకి వెళ్ళేసరికి పదిన్నరయింది. వంటవాళ్ళు బియ్యం కడగడానికి నీళ్ళు లేక గంగాళాల పక్కన కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి దారిచ్చారు గానీ, ఇంజనీరమ్మ అని ఎవరూ అనలేదు. నేను మూత విప్పుతుంటే నిన్నటి వంటవాడు కొత్తగా వచ్చినవాడితో, నిన్న దీన్ని పాడుచేసింది ఈవిడే అని చెబుతున్నాడు. అందులో అబద్ధమేం లేదు కాబట్టి తల వంచుకుని పని చేశా. నీళ్ళొచ్చాయి. ప్రమీలారాణి కుళాయిల వైపు పరిగెత్తింది.

మిల్లు దగ్గర మావయ్య మళ్ళీ గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉన్నారు. వచ్చినవాళ్ళు ఏమైందని అడిగితే, "మా కోడలు చేసింది" అంటున్నారు. ముందురోజు అన్న మాటే, ముందురోజు అన్నంత గట్టిగానే. ఆయన నన్ను వెక్కిరిస్తున్నారో, ఆయనకి ఇంకోలా చెప్పడం చేతకాలేదో తెలీదు. నేను లోపలికి వెళ్ళి ఫ్యూజులు పీకి, చూసుకుని, వైర్లు మార్చి, బిగించి బయటికొచ్చేసరికి పన్నెండు నిమిషాలైందని మా ఆయన చెప్పారు. అప్పుడు గానీ గమనించలేదు, ఈసారి స్క్రూ ఒక్కసారి కూడా జారలేదని. ధైర్యం వచ్చి కాదు, భయపడడానికి తీరిక లేక.

సౌభాగ్యమ్మగారి దగ్గరికి కావాలనే ఆఖరున వెళ్ళా. ఆవిడకి అరవై దాటాయి, ఎవరినీ ఊరికే వదిలే మనిషి కాదు. కింద పడ్డ నువ్వులు చేటలోకి ఎత్తిస్తోంది. తిడుతుందని సిద్ధపడి వెళ్ళా. ఆవిడ స్టూలు లాక్కుని స్టార్టరు ఎదురుగా కూర్చుంది. నేను స్క్రూడ్రైవర్ తీయబోతుంటే ఆగమంది.

"నిన్న ఏం చేశావో నాకు తెలీదు. ఇవాళ ఏం చేస్తున్నావో చెప్పి చెయ్యి" అంది.

నేను మూడు ఫేజులనీ, ఆర్ వై బీ అనీ నోట్సులో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పా. ఆవిడ మొహం మారలేదు. నా వంక అలా చూస్తూ ఉంది. నాకే సిగ్గేసి నోట్సు పక్కన పెట్టా.

"పిన్నిగారూ, పంక్తిలో ముగ్గురం వరసగా వడ్డిస్తున్నామనుకోండి. ముందు నేను అన్నం తెస్తా, నా వెనక పప్పు, దాని వెనక చారు, మళ్ళీ నేను అన్నం. ఈ ముగ్గురిలో ఏ ఇద్దరు చోట్లు మార్చుకున్నా అన్నం, చారు, పప్పు అవుతుంది. వరస తిరగబడుతుంది, దాంతో మోటారూ ఎదురు తిరుగుతుంది."

ఆవిడ వేళ్ళ మీద అన్నం, పప్పు, చారు అనుకుంటూ కాసేపు లెక్కేసింది. తర్వాత అడిగింది.

"ఇద్దరు కాకుండా ముగ్గురూ తలా ఒక చోటు జరిగితేనో?"

నాకు రాదు. సార్ చెప్పారో లేదో కూడా గుర్తు లేదు. నేను ఇంకా వేళ్ళు మడుస్తుండగానే ఆవిడ, "ఏం మారదు. మొదలు మారుతుంది, వరస అదే" అంది. ఒక నిమిషం ఆలోచించి చూస్తే ఆవిడ చెప్పిందే సరి.

"ముప్పై ఏళ్ళుగా ఈ పెట్టె తెరిచిన ప్రతివాడూ నన్ను దూరంగా నిలబడమన్నాడు. లోపల ఏముందో ఒక్కడూ చెప్పలేదు" అంది సౌభాగ్యమ్మగారు. కోపంగా అనలేదు, అలా జరిగిందని చెప్పిందంతే. నేను మెయిన్ తీసి, ఫ్యూజులు పీకి, టెస్టరు ఆవిడ చేతికే ఇచ్చా. ఆవిడ మూడు చోట్లా పెట్టి చూసి, వెలగలేదని చెప్పాకే వైర్ల మీద చెయ్యి వేశా. మిషను సరిగ్గా తిరిగాక ఒక సీసాలో నూనె పోసి ఇచ్చింది. నేను మొహమాటపడితే, ఇది నువ్వులు కక్కించినందుకు కాదు, చెప్పినందుకు అంది.

శనివారం క్లాసులో వెస్లీ సార్, ఒక ఊళ్ళో ఒకావిడ, అంటూ పాఠం మొదలుపెట్టారు. ఊరు పేరు చెప్పలేదు, మనిషి పేరు చెప్పలేదు. క్లాసు క్లాసంతా వెనక్కి తిరిగి నా వంక చూసింది. నేనూ ఎవరో ఉన్నట్టు వెనక్కి తిరిగి చూశా. వెనక గోడ ఉంది.

ఆ సాయంత్రం బస్సులో ఉండగా సౌభాగ్యమ్మగారు ఫోను చేసింది. ఇవాళ ఏం చెప్పారు అని అడిగింది. బేరింగుల గురించి చెప్పారన్నా. అయితే చెప్పు అంది. బస్సు నందిగామ నుంచి జగ్గయ్యపేట వచ్చేదాకా చెప్పా. సోమవారం మళ్ళీ చేసింది. ఇక క్లాసున్న ప్రతి సాయంత్రం అదే తంతు. ఆవిడ మోకాళ్ళు బస్సెక్కనివ్వవు, అందుకని కోర్సులో చేరలేదు గానీ, చేరిన నాకంటే ఎక్కువ ప్రశ్నలు అడిగేది. చెబుతూ చెబుతూ సగంలో ఆగిపోయేదాన్ని, నాకే అర్థం కాలేదని అప్పుడు తెలిసేది. రేపు అడిగి చెబుతానని పెట్టేసి, మర్నాడు సార్‌ని అడిగేదాన్ని. నాకు ఇంత శ్రద్ధ ఎక్కడినుంచి వచ్చిందా అని ఆయన ఆశ్చర్యపోయేవారు. నేను ఆయన భ్రమ పోగొట్టలేదు.

జూన్‌లో పరీక్షలయ్యాయి. నాగశ్రీ క్లాసులో రెండో స్థానంలో వచ్చి, నందిగామలోనే ఒక కోల్డ్ స్టోరేజీలో పనిలో చేరింది. నాకు నూటికి యాభై ఎనిమిది. ఫస్ట్ క్లాసు రెండు మార్కుల్లో పోయింది. ఇంట్లో అందరూ బాగానే వచ్చాయన్నారు. వాళ్ళు అసలు అంత అనుకోలేదని వాళ్ళ మొహాలే చెప్పాయి.

సౌభాగ్యమ్మగారికి చెప్పడానికి వెళితే ఆవిడ మార్కుల సంగతి అడగలేదు. ఏ ప్రశ్న తప్పు రాశావు అని అడిగింది. పెద్ద మోటారుని ముందు స్టార్‌లో వేసి తర్వాత డెల్టాలోకి ఎందుకు మారుస్తారని అడిగితే, నేను రెండూ తారుమారు చేసి రెండు పేజీలు రాశానని చెప్పా.

"అది తేలికే కదే" అందావిడ నువ్వులు చెరుగుతూ. "ఒక్కసారే లేపితే మోటారు కరెంటు మరీ ఎక్కువ లాగేస్తుంది. అందుకని స్టార్‌లో మెల్లగా లేపి, వేగం అందుకున్నాక డెల్టాలోకి మారుస్తారు. నువ్వే కదా చెప్పింది, చిల్లకల్లు దగ్గర బస్సు ఆగిపోయిన రోజు."